కోరల్ డ్రా, ఆరో పాఠం: కుప్పపడిన ఫొటోలు, పైకి లేచిన పద్మ

పత్రికలు, ఫ్లెక్సీలు గీసే కోరల్ డ్రా ప్రోగ్రాము మీద పోయిన పాఠంలో "అన్నీ ఎంచుకుని పి నొక్కండి, పేజీ నడుమకు వస్తాయి" అని రాసి ఊరుకున్నాను. వచ్చాయి. వధూవరుల ఫొటోలు, కలశం, పేర్లు, ముహూర్తం అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మీలో సగం మంది పెళ్లిపత్రికలు ఆ పాఠం దగ్గరే ఆగిపోయాయి. తప్పు నాదే. పి నొక్కే ముందు కంట్రోల్ జి నొక్కి గ్రూపు చేయడం నా వేళ్లకు ఎంత అలవాటైందంటే, అది చెప్పాల్సిన సంగతిగానే తోచలేదు. గ్రూపు చేయకపోతే కోరల్ ప్రతి వస్తువునూ విడిగా తీసుకెళ్లి పేజీ నడుమ పెడుతుంది. గ్రూపు చేస్తే మొత్తాన్నీ ఒకే వస్తువుగా జరుపుతుంది.

సి, ఇ కీల దగ్గర జరిగిన గొడవా ఇలాంటిదే. సి నొక్కితే అన్నిటి నడిమి బిందువులు ఒకే నిలువు గీత మీదికి వస్తాయి. పత్రికలో ఒకదాని కింద ఒకటి పేర్చిన పంక్తులకు అది. ఇ నొక్కితే ఒకే అడ్డగీత మీదికి వస్తాయి. పక్కపక్కన ఉన్న ఫొటోలకు ఇది. ఒకటి చాలక రెండోదీ నొక్కితే మళ్లీ కుప్పే. ఎడమ అంచుకు ఎల్, కుడికి ఆర్, పైకి టి, కిందికి బి. వీటికి వేరే వివరణ అక్కర్లేదు.

ఎంచుకునేటప్పుడు షిఫ్టు పట్టుకుని ఒక్కొక్కదాని మీద నొక్కండి. చివర నొక్కినది కదలదు, మిగతావే దాని దగ్గరికి వస్తాయి. మౌసుతో చుట్టూ పెట్టె లాగి ఎంచుకునే పద్ధతి నేను వాడను. అందులో ఏది నిలుస్తుందో, ఏది జరుగుతుందో మన చేతిలో ఉండదు.

ఇక నన్ను ఏళ్లుగా విసిగిస్తున్న సంగతి. కోరల్‌కు అక్షరాలు తెలియవు, వాటి చుట్టూ ఉన్న పెట్టె మాత్రమే తెలుసు. పేర్లను కర్వులుగా, అంటే టైపు చేసిన అక్షరాలను ఉత్త గీతల బొమ్మలుగా, మార్చాక ఇది మరీ నిజం. ఒక పక్క "రాజు", ఇంకో పక్క "పద్మ" అని పెట్టి, రెండింటినీ ఎంచుకుని బి నొక్కి చూడండి. పద్మ పైకి లేస్తుంది. దకు కింద వేలాడే మవత్తు కొస, రాజు అడుగు అంచుతో సమానమైంది కాబట్టి అసలు అక్షరాలు పైకి పోయాయి. ఇ నొక్కినా లేస్తుంది, కాకపోతే అందులో సగం. పోనీ టి నొక్కుదామంటే, "గిరి" లాంటి పేరులో గుడి పైకి పొడుచుకుని వచ్చి పేరంతా కిందికి దిగుతుంది. ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవారికి ఈ చిక్కు కనబడదు. పెద్దక్షరాల్లో రాసిన ఇంగ్లీషు పేరుకు కింద వత్తులుండవు, పైన గుడి ఉండదు. మనకు రెండూ ఉన్నాయి.

మందు రెండు రకాలు. నేను చేసేది: రెండు పేర్లనూ ఒకే పంక్తిలో, నడుమ ఖాళీ వదిలి టైపు చేసి, కర్వులుగా మార్చాక విడగొడతాను. అమరిక చెడే అవకాశమే రాదు. మీకు వచ్చిన ఫైలులో పేర్లు ముందే కర్వులైతే, పై రూలరు నుంచి ఒక గైడ్‌లైన్ (అచ్చులో రాని ఆనవాలు గీత) లాగి, వత్తులను వదిలేసి, తలకట్టున్న అక్షరాల అడుగుకు ఆనించండి. తరువాత బాణం కీతో జరపండి. కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కితే మరీ కొద్దిగా జరుగుతుంది.

ఫొటోలకూ ఇదే జబ్బు. నల్లగొండ గడియారం కూడలిలో ఏ ఫ్లెక్సీ చూసినా ఒక నాయకుడు చెయ్యెత్తి అభివాదం చేస్తుంటాడు. ఆ చాచిన చెయ్యి పెట్టెను వెడల్పు చేస్తుంది. సి నొక్కితే ముఖం, చెయ్యి కలిపి నడుమకు వస్తాయి, ముఖం మాత్రం పక్కకు పోతుంది. అక్కడ కీలు వదిలేసి, నిలువు గైడ్‌లైన్‌ను ముక్కు మీదికి తెచ్చుకోవడమే మేలు.

సమాన దూరాలకు షిఫ్టు పి. షిఫ్టు ఇ కూడా ఉంది గానీ అది నడిమి బిందువుల మధ్య దూరం చూస్తుంది, షిఫ్టు పి వస్తువుల మధ్య ఖాళీ చూస్తుంది. పోచంపల్లి చీర అంచులా ఒకే వెడల్పున్న పలకలు వరుసగా పేరిస్తే రెండూ ఒకటే ఫలితమిస్తాయి. వెడల్పులు వేరైతే షిఫ్టు ఇ వంకరగా కనిపిస్తుంది. నేను షిఫ్టు పి తప్ప వాడను.

అభ్యాసం: పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అడుగుకు ఒక అంగుళం లెక్కన గీయండి. వేర్వేరు వెడల్పులున్న ఏడు ఫొటోలు, కింద ఏడు పేర్లు. ప్రతి పేరూ దాని ఫొటో నడుమకే రావాలి. పేర్లలో కనీసం మూడింటికి వత్తులు, రెండింటికి గుడులు ఉండాలి, ఒక ఫొటోలో ఎత్తిన చెయ్యి ఉండాలి. పేర్లు ముందుగా కర్వులు చేసి మొదలుపెట్టండి, నా అడ్డదారి ఈసారికి లేదు. చివర్లో అంతా గ్రూపు చేసి, అప్పుడు పి.