నల్లబల్ల మీద రాసే ముందు: ఉపాధ్యాయులు తమ అక్షరదోషాలను సరిచేసుకొనే పద్ధతి

చిత్తూరు, తిరుపతి జిల్లాల బడులలో కొత్తగా చేరే ఉపాధ్యాయులలో, ముఖ్యంగా గణితమో విజ్ఞానశాస్త్రమో బోధించేవారిలో, అక్షరదోషాల సంగతి తెలుగు మాస్టారు చూసుకోవలసిన పని అనే అభిప్రాయం కనిపిస్తుంది. దానితో నేను ఏకీభవించను. ఉపాధ్యాయులకు నిఘంటువు కంఠస్థమై ఉండనక్కరలేదు గాని, తాము ఏ అక్షరం దగ్గర తడబడతారో వారికి తెలిసి ఉండాలి. ఆ మాటను పిల్లల ఎదుట రాయకముందే సరిచూసుకొనే అలవాటు ఉండాలి. తెలుగులో ఇది అసాధ్యమేమీ కాదు. లిపి నిలుపుకొన్న భేదాన్ని నోరు వదిలేసిన చోటనే మన తప్పులు ఎక్కువగా పుడతాయి, అటువంటి చోట్లు కొద్దే.

ముందుగా తమ రాతనే పరీక్షించుకోవాలి. పాత లెసన్ ప్లాన్లు, నోటీసులు, ప్రగతి పత్రాలలో రాసిన వ్యాఖ్యలు ముందు పెట్టుకొని, ఒత్తక్షరాలున్న (ఖ, ఘ, థ, ధ, భ వంటి ఒత్తి పలికే అక్షరాలున్న) మాటల కింద గీతలు గీసి, వాటిని పాఠ్యపుస్తకంతోనూ నిఘంటువుతోనూ పోల్చి చూడాలి. 1885లో వెలువడిన శబ్దరత్నాకరం ఈ పనికి నేటికీ అక్కరకు వస్తుంది. ఆంధ్రభారతి వెబ్‌సైటులో పలు నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. ఫోనులో టైపు చేసేటప్పుడు కనిపించే సూచనను మాత్రం ప్రమాణంగా తీసుకోరాదు.

అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధ థ, ధల మీద పెట్టాలి. ఈ రెండింటికీ రాతలో ఉన్న తేడా నడుమనున్న చుక్క ఒక్కటే. తొందరలో సుద్దముక్క ఆ చుక్కను మింగేస్తుంది, వెనక బెంచీ పిల్లవాడు ‘విద్యార్ధి’ అని ఎత్తి రాసుకుంటాడు. అర్థ శబ్దంతో ముడిపడిన విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, పదార్థం వంటి మాటలన్నిటిలోనూ, సమర్థ నుంచి వచ్చిన సామర్థ్యంలోనూ ఉన్నది థ. సగం అనే అర్థమున్న అర్ధరాత్రి, అర్ధగోళం వంటి మాటలలోనూ, వర్ధంతి, స్పర్ధ, నిర్ధారణ అనే మాటలలోనూ ఉన్నది ధ. స కింద ధ రానే రాదని గుర్తుంచుకుంటే స్థలం, సంస్థ, వ్యవస్థ, స్థాయి ఇక ఎన్నడూ తప్పిపోవు. కథ, రథం, ప్రథమ అనే మాటలకు ఇంత సులువైన సూత్రం లేదు, వాటిని చేత్తో రాసి అలవాటు చేసుకోవడమే మార్గం.

ఒత్తు ఏ అక్షరానికి పెట్టాలన్నది మరొక చిక్కు. బాధ, బోధన, బుద్ధి, బంధం అనే మాటలలో మొదటి అక్షరానికి ఒత్తు లేదు. భేదంలో మొదటి అక్షరానికే ఉంది. ‘ఉచ్చారణ’ అనే మాటలో ఒత్తక్షరమే లేదు, ‘స్వచ్ఛం’లో ఉంది. వట్రసుడికీ (కృ) క్రావడికీ (క్ర) మధ్య తడబాటు బడి కాగితాలలోనే ఎక్కువ: ప్రధానోపాధ్యాయులు సంతకం చేసి ఇచ్చే కాగితం ‘ధృవీకరణ పత్రం’ కాదు, ధ్రువీకరణ పత్రం. మధ్యాహ్న భోజనంలో హ పైన, న కింద ఉండాలి. గణితం చెప్పేవారు గరిష్ఠ, కనిష్ఠ అనే మాటలలో ఠ రాయాలి, స్పష్టం, విశిష్టం అనే మాటలలో ట సరిపోతుంది.

పాఠానికి ముందు రోజు, నల్లబల్ల మీదికి రాబోయే మాటలలో అనుమానమున్నవాటిని లెసన్ ప్లాన్ అంచున రాసి ఉంచుకుంటే తరగతిలో తడుముకోవలసిన పని ఉండదు. ఉక్తలేఖనం చెప్పించే రోజు మరింత జాగ్రత్త కావాలి; ఉపాధ్యాయురాలు ‘అర్ధం’ అని పలికి ‘అర్థం’ రాలేదని పిల్లవాడికి మార్కు తగ్గించడం న్యాయం కాదు. పిల్లలే తప్పు పట్టుకుంటే అక్కడికక్కడే నిఘంటువు తెరిచి అందరిచేతా చూపించాలి.

నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు ఏది తప్పో, ఏది కాదో వేరుచేయడం ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా అవసరం. నగరి, సత్యవేడు, కుప్పం వైపు బడులలో ఇంట తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం కాబట్టి, ఆ పిల్లల ఒత్తుల తప్పులను నిర్లక్ష్యంగా భావించక, వారం వారం ఒక్కొక్క జంటనే తీసుకొని నేర్పాలి. ‘తత్వం’, ‘తత్త్వం’ రెండూ వాడుకలో ఉన్నాయి గనుక మొదటిదాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టనక్కరలేదు. ఇక ‘వచ్చినాడు’, ‘ఉండాది’ అన్నవి అక్షరదోషాలు కానే కావు, ఇక్కడి మాటతీరులోని రూపాలు. వాటిని ‘భాధ’తో ఒకే గాటన కట్టే ఉపాధ్యాయులకు తప్పొప్పుల తేడా ఇంకా తెలియలేదనే నేను అంటాను. వ్యాసంలో అవసరమైతే పక్కన ‘వచ్చాడు’, ‘ఉంది’ అని పెన్సిలుతో రాసి చూపవచ్చు గాని, వాటికి మార్కు కోయరాదు.