ఫించ్‌ల గిన్నె నిండుగా ఉందని నమ్మకండి

జీబ్రా ఫించ్‌లు అనే చిన్న పంజరం పిట్టలను పెంచుతున్నవాళ్లు రోజూ పొద్దున్నే గింజల గిన్నెను బయటికి తీసి ఒక్కసారి ఊదండి. ఇవి కొర్ర గింజను ముక్కుతో ఒలిచి, లోపలి పప్పు తిని, పొట్టును మళ్లీ గిన్నెలోనే వదిలేస్తాయి. పైనుంచి చూస్తే గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఊదితే అడుగున నాలుగు గింజలు కూడా ఉండవు. ఇంత చిన్న ప్రాణి ఒక్క రోజు పస్తున్నా తట్టుకోలేదు. మొదట్లో నాకిది తెలియక ఒక జతను పోగొట్టుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కొర్రలు, సామలు కలిపి పెట్టండి. గుడ్లు పెట్టే ముందు ఆడపిట్టకు కాల్షియం తప్పనిసరి, లేకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికొస్తుంది. కోడిగుడ్డు పెంకును పది నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, రవ్వలా దంచి వేరే మూతలో పెట్టండి. కావలసినంత అదే తింటుంది.

సుమారు 14 రోజులు పొదిగాక పిల్లలు బయటికొస్తాయి. అప్పటినుంచి రోజూ ఉడికిన గుడ్డు చిదిమి ఒక చెంచా, మొలకెత్తిన కొర్రలు కొంచెం ఇవ్వండి. మన ఎండలకు గుడ్డు తొందరగా పాడవుతుంది, రెండు గంటల్లో తీసేయండి. కొత్తిమీర బాగా కడిగి రెండు రెమ్మలు వేలాడదీస్తే ఇష్టంగా తింటాయి. అవకాడో మాత్రం వాటికి విషం. వరసగా రెండు మూడుసార్లు గుడ్లు పెట్టి పిల్లల్ని చేశాక గూడు తీసేసి కొన్ని నెలలు విశ్రాంతినివ్వండి.