ఆకులో వైరస్, 3వ పాఠం: సాయంత్రం ఆకు, తెల్లవారుజాము ఆకు

తెల్లదోమ టమాటా ఆకులో వైరస్‌ను పోషక కణజాలంలోకి దించడం దాకా పోయిన పాఠంలో చూశాం. మిగతాది కణకేంద్రకంలో జరుగుతుంది. ఆకుముడత వైరస్‌ల్లో ఒకదానికి మన ఊరి పేరే ఉంది: టొమాటో లీఫ్ కర్ల్ బ్యాంగలోర్ వైరస్. దాని జన్యువు గుండ్రటి ఒంటిపోగు డీఎన్‌ఏ, సుమారు 2,700 అక్షరాలు. డీఎన్‌ఏకు నకలు తీసే ఎంజైమ్, అంటే పాలిమరేజ్, దానికి సొంతంగా లేదు, మొక్కదే వాడుకోవాలి. చిక్కేమిటంటే, ముదిరిన కణం ఆ పని ఎప్పుడో మానేసి ఉంటుంది. అందుకని వైరస్ తాలూకు రెప్ ప్రోటీన్, కణవిభజనకు కళ్లెం వేసే ప్రోటీన్‌ను పట్టేస్తుంది. కణం మళ్లీ డీఎన్‌ఏ తయారీకి దిగుతుంది. ఒంటిపోగు వలయానికి ముందు జత పోగు ఏర్పడుతుంది. ఆ వలయంలో రెప్ ఒకచోట గాటు పెడితే, ఉండలోంచి దారం లాగినట్టు పాత పోగు ఊడుతూ వెనకే కొత్తది అల్లుకుంటుంది.

ఇక ఆకు జీవక్రియ. వైరస్ సోకిన భాగం పగలు పిండిపదార్థం తక్కువ చేస్తుంది, రాత్రి దాన్ని బయటికి పంపడంలోనూ వెనకబడుతుంది. కాబట్టి ఒక్క ఆకు చూస్తే సగమే తెలుస్తుంది.

జబ్బు మొక్క నుంచీ మంచి మొక్క నుంచీ ఒకే వయసు ఆకులు కోయండి: ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం 5కి ఒక జత, మర్నాడు వెలుగు రాకముందే ఇంకో జత. కోయగానే మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచాలి. ఆలస్యమైతే ఆకు తన పిండిని తానే ఖర్చు పెట్టుకుంటుంది. తర్వాత స్టవ్ ఆర్పేసి, వేడినీళ్ల గిన్నెలో 95 శాతం ఇథనాల్ గ్లాసు పెట్టి, ఆకు తెల్లబడేదాకా ఉంచండి. నీళ్లు చల్లారితే మార్చండి. మంట మీద మాత్రం వద్దు, ఆవిరి అంటుకుంటుంది. పెళుసెక్కిన ఆకును వేడినీళ్లలో ఒకసారి ముంచితే మెత్తబడుతుంది.

అయోడిన్ ద్రావణానికి 2 గ్రాముల పొటాషియం అయొడైడ్‌ను కాసిని నీళ్లలో ముందు కరిగించి, అందులో 1 గ్రాము అయోడిన్ వేసి, 300 మి.లీ.కి పెంచండి. వరస తప్పితే అయోడిన్ అడుగున నల్లగా కూర్చుంటుంది. మెత్తబడ్డ ఆకుల్ని ఇందులో ముంచితే పిండి ఉన్నచోట నీలం తేలుతుంది.

మంచి ఆకు సాయంత్రం ముదురు నీలం, పొద్దున పాలిపోయి ఉండాలి. సోకినచోట సాయంత్రం లేతగా, పొద్దున చుట్టుపక్కలకన్నా ముదురుగా కనిపించవచ్చు. జూలై మబ్బుల్లో చేస్తే మంచి ఆకే పాలిపోయి మోసం చేస్తుంది. భాస్వరం, నత్రజని చాలకపోయినా పిండి పేరుకుంటుంది, కనుక దీంతో వైరస్ అని తేల్చేయకండి. వైరస్ డీఎన్‌ఏనే పట్టుకుని తేల్చే పీసీఆర్ పరీక్ష సంగతి 4వ పాఠంలో.