వానల్లో ఘాట్ దిగేముందు: బ్రేకు కీచుమంటే నూనె ముట్టుకోవద్దు

మొన్న తొలకరి వానకి సుంకి ఘాట్‌లో ఒక చిన్న కారు మలుపు తిరగలేక కొండ వైపు కాలువలోకి దూసుకుపోయింది. కోరాపుట్ వైపు నుంచి సాలూరు మీదుగా విజయనగరం ఆసుపత్రికి బయల్దేరిన కుటుంబం అది. లోయ వైపు పడలేదు కాబట్టి దెబ్బలతో బయటపడ్డారు. విషయం ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ముందురోజు సాయంత్రం బ్రేకు కీచుమంటోందని చక్రం సందులోంచి డిస్క్ మీద, అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం మీద, తుప్పు వదిలించే స్ప్రే కొట్టారు. కీచు పోయింది. దాంతోపాటే బ్రేకూ పోయింది.

ఈ పొరపాటు మన వైపు చాలామంది చేస్తున్నారు. రాయగడలోనూ చూశాను, పర్లాకిమిడిలోనూ చూశాను. తలుపు బందుకి నూనె వేస్తే శబ్దం ఆగుతుంది కదా, బ్రేకుకీ అంతే అనుకుంటారు. బ్రేకు పనిచేసేదే రాపిడితో. డిస్క్‌కి రెండు పక్కలా ఉండే రాపిడి దిమ్మలే ప్యాడ్లు. ప్యాడ్ డిస్క్‌ని గట్టిగా పట్టుకుంటేనే బండి ఆగుతుంది. ఆ మధ్యలోకి నూనె వెళ్తే పట్టు జారుతుంది. పైగా ప్యాడ్ నూనెను లోపలికి పీల్చుకుంటుంది, తుడిస్తే పోదు. ఊళ్లో ముప్పై స్పీడులో తిరుగుతున్నంతసేపూ పెద్దగా తెలియకపోవచ్చు. ఘాట్ దిగుతూ గట్టిగా తొక్కినప్పుడు తెలుస్తుంది. నూనె ఒక చక్రానికే అంటితే ఇంకా ప్రమాదం. ఆ చక్రం పట్టదు, రెండోది పడుతుంది, బండి పక్కకి లాగేస్తుంది. వానకి తడిసిన మలుపులో అలా లాగితే స్టీరింగ్ మన చేతిలో ఉండదు.

ఇంజిన్ ఆయిల్, గ్రీజు, కొబ్బరినూనె, కిరోసిన్, డీజిల్, తుప్పు స్ప్రే, టైర్లకి మెరుపు కోసం కొట్టే పాలిష్, ఏదైనా సరే డిస్క్ మీద పడకూడదు. ఇప్పటికే ఎవరైనా కొట్టి ఉంటే డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి, రెండు వైపులా ప్యాడ్లు పారేసి కొత్తవి వేయించండి. ఎండబెట్టినా, గరుకు కాగితంతో రుద్దినా ఆ ప్యాడ్లు ఇక నమ్మదగినవి కావు.

అసలు ముందు ఆ శబ్దమేమిటో వినండి. రాత్రంతా వాన పడి పొద్దున్నే గరగరమని, రెండు మూడుసార్లు బ్రేకు తొక్కేసరికి పోతే అది డిస్క్ మీది పలచని తుప్పు, వదిలేయండి. సన్నగా ఈల వేసినట్టు ఆగకుండా వస్తుంటే ప్యాడ్ అరిగిందని హెచ్చరిక. చాలా ప్యాడ్లకి అందుకోసమే ఒక చిన్న రేకు ఉంటుంది, అరుగుదల హద్దుకి రాగానే అది డిస్క్‌ని గీకుతుంది. టార్చి వేసి చక్రం సందులోంచి చూడండి: కొత్త ప్యాడ్ సుమారు 10 మి.మీ. మందం ఉంటుంది, 3 మి.మీ.కి దిగితే మార్చాల్సిందే. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత. లోపలి వైపు ప్యాడ్ కూడా చూడాలి, చాలాసార్లు అదే ముందు అరుగుతుంది. మందం బాగానే ఉండి, నెమ్మదిగా తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే ప్యాడ్ వెనక ఉండే రేకులు గానీ క్లిప్పులు గానీ ఊడిపోయి ఉండొచ్చు, లేదా కాలిపర్ (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) పిన్నులు ఎండిపోయి ఉండొచ్చు. బ్రేకు తొక్కకపోయినా ఒకే తీరుగా గీకుతుంటే డిస్క్ వెనక రేకులో గులకరాయి ఇరుక్కుందేమో చూడండి. మట్టిరోడ్ల మీద ఇది మామూలే. ఇనుము ఇనుముని కొరుకుతున్న చప్పుడు వస్తే బండి అక్కడే ఆపండి.

విప్పి చూడాలంటే నేల చదునుగా, గట్టిగా ఉండాలి. తడి మట్టిలో జాకీ దిగబడుతుంది. ముందు చక్రం విప్పుతుంటే హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి చెక్క అడ్డం పెట్టండి. నట్లు బండి లేపకముందే కాస్త వదులు చేసుకోండి. లేపాక బండి బరువు ఆనేలా కింద ఇనుప స్టాండు పెట్టండి. ఇటుకలు వద్దు, బరువు పడితే ఒక్కసారిగా పగులుతాయి. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు.

దుమ్ము ఊదొద్దు, గాలి కొట్టొద్దు. పాత బ్రేకు లైనర్లలో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

విప్పిన కాలిపర్‌ని దాని రబ్బరు గొట్టానికి వేలాడదీయొద్దు. తీగతో పైకి కట్టండి.

గ్రీజు పిన్నులకి, ప్యాడ్ చెవులు ఆనే చోట, అదీ పలచగా. బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజే. మామూలు గ్రీజుకి రబ్బరు ఉబ్బిపోతుంది. ప్యాడ్ ముఖానికి చుక్క అంటినా ఆ ప్యాడ్ పారేయండి. గ్రీజు చేతులతో డిస్క్ ముట్టుకోవద్దు.

ఒక వైపు మాత్రమే ప్యాడ్లు మార్చొద్దు.

బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏ రకం ఆయిలో రాసి ఉంటుంది: డాట్ 3 అని ఉంటే డాట్ 3, డాట్ 4 అని ఉంటే డాట్ 4. ఇంకేదీ పోయొద్దు. రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాలిలో చెమ్మని లాగుతుంది, చెమ్మ చేరితే ఘాట్ వేడికి ఉడికి పెడల్ మెత్తబడిపోతుంది.

బండి కదిలించకముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటిసారి పెడల్ నేలదాకా పోతుంది. ఇది మరిచి గేటుని గుద్దినవాళ్లున్నారు.

నట్లు ఎదురెదురుగా బిగించండి. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూసుకోండి.

కొత్త ప్యాడ్లతో నేరుగా ఘాట్‌కి వెళ్లొద్దు. ఖాళీ రోడ్డులో యాభై స్పీడు నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు మెల్లగా తగ్గించి ప్యాడ్లని కుదరనివ్వండి.

ఘాట్‌లో న్యూట్రల్ వద్దు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. దిగిన వెంటనే వేడి డిస్క్ మీద నీళ్లు కొట్టొద్దు.

డిస్క్ మీద నూనె వద్దు. మెకానిక్ కుర్రాడు వేస్తానన్నా వద్దు. పక్కింటాయన చెప్పినా వద్దు.

పెడల్ మెత్తగా ఉన్నా, బండి పక్కకి లాగుతున్నా, ఇనుము చప్పుడు వస్తున్నా దాన్ని నడుపుకుంటూ షెడ్డుకి వెళ్లొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, లేదా బండిని రికవరీ వ్యాన్ మీద ఎక్కించి పంపండి. ఆసుపత్రికి వెళ్లాల్సిన తొందరుంటే బస్సు ఎక్కండి.