వినాయక మండపం మీ షాపు ముందు పడుతుంటే: పోలీసు స్టేషన్‌లో వినతిపత్రం ఇచ్చే విధానం

మా కిరాణా షాపు హైదరాబాద్‌లో ఓ ఇరవై అడుగుల గల్లీలో ఉంది. కొన్నేళ్ల కిందట చవితికి రెండు రోజుల ముందు పొద్దున్నే వెళ్లి చూస్తే, షట్టర్‌కి అడుగున్నర దూరంలో మండపం గుంజ పాతేసి ఉంది. టార్పాలిన్ తాడు తెచ్చి మా షట్టర్ కొక్కేనికే కట్టారు. షట్టర్ సగానికి మించి లేవలేదు. పాల వ్యాన్ గల్లీ మొదట్లోనే ట్రేలు దింపేసి వెళ్లిపోయింది. నిమజ్జనం దాకా వంగి లోపలికి దూరుతూ సరుకు అమ్మాం. కమిటీ పిల్లలు పరాయివాళ్లేం కాదు, మా దగ్గర చాక్లెట్లు కొనుక్కుని పెరిగినవాళ్లే. చందా రాసిందీ మేమే. పండగ ఆగాలని మాకెందుకుంటుంది? షాపులోకి దారి ఉంటే చాలు. ఆ దారి కోసం కాగితం ఎప్పుడు, ఎవరికి, ఎలా ఇవ్వాలో ఆ తర్వాతే నేర్చుకున్నాం.

అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు ఇస్తారన్నది. మండపం పెట్టేవాళ్లు ముందుగా పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో ఫారం నింపాలి. స్థలం, విగ్రహం ఎత్తు, ఎన్ని రోజులు, నిమజ్జనం ఎప్పుడు, కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు అందులో రాస్తారు. స్థలం సంగతి స్టేషన్ వాళ్లు చూసే వేళకి మీ కాగితం వాళ్ల దగ్గర ఉండాలి. అందుకే చవితికి కనీసం మూడు వారాల ముందు ఇవ్వండి. ప్రాణప్రతిష్ఠ అయ్యాక విగ్రహాన్ని జరపమని అడగలేం, అడగకూడదు కూడా.

కాగితం రాసే ముందు ఒక సాయంత్రం కమిటీ వాళ్లని పిలిచి టీ ఇచ్చి, టేపు పట్టి కొలిచి చూపించండి. గుంజ ఎక్కడ పాతితే షట్టర్ తెరుచుకుంటుందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. చాలాసార్లు అక్కడితోనే సర్దుబాటు అయిపోతుంది. అయినా కాగితం మానొద్దు. నోటిమాట ఇచ్చిన కుర్రాడు పందిరి వేసే రోజు ఊళ్లో ఉండకపోవచ్చు.

వినతిపత్రం మీ పరిధిలోని స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట, తెలుగులోనే, ఒక పేజీకి మించకుండా రాయండి. షాపు చిరునామా, ట్రేడ్ లైసెన్స్ నంబరు, మీ ఫోన్ నంబరు పైనే ఉండాలి. "మాకు చాలా ఇబ్బందిగా ఉంది" అని రాస్తే చదివే అధికారికి ఏం చేయాలో తెలియదు. ఇలా రాయండి: "మండపం గుంజకూ మా షట్టర్‌కూ మధ్య నాలుగు అడుగుల దారి వదిలించగలరు. ఉదయం 5 నుంచి 7 వరకు పాల వ్యాన్ షాపు దాకా వచ్చేలా చూడగలరు. మా షట్టర్‌కి, బోర్డుకి తాళ్లు కట్టకుండా కమిటీకి చెప్పగలరు." చేత్తో గీసిన చిన్న పటం, ఖాళీగా ఉన్న రోడ్డు ఫొటో, ట్రేడ్ లైసెన్స్ కాపీ, ఆధార్ కాపీ జతచేయండి. అద్దె షాపయితే అగ్రిమెంట్ కాపీ కూడా. పక్క షాపుల వాళ్లు సంతకాలు పెడితే ఇంకా మంచిది.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి రిసెప్షన్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేకుండా వెనక్కి రావద్దు. ఇంకో కాపీ మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో ఇవ్వండి, ఎందుకంటే రోడ్డు వాళ్లది. వారం దాటినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో అదే కాగితం, ముద్ర కాపీతో కలిపి ఇవ్వొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, 1100కి ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. రాకపోకలకు అడ్డం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ కింద నేరం, 5,000 రూపాయల దాకా జరిమానా. ఈ సంగతి మీకు తెలిసుంటే చాలు, కాగితంలో రాసి మన పిల్లల్ని బెదిరించక్కర్లేదు.

కరెంటు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. "అన్నా, ఒక్క వైరు ఇవ్వు, లైట్లకే" అని అడుగుతారు. మీ మీటరు మీ షాపు వరకే. దాన్నుంచి మండపానికి కరెంటిస్తే విద్యుత్ చట్టం, 2003లోని 126 సెక్షన్ ప్రకారం అనధికార వాడకం, రెట్టింపు టారిఫ్ లెక్కన బిల్లు మీ పేరిట వస్తుంది. లోడు ఎక్కువై ఫ్యూజు పోతే రాత్రంతా ఫ్రిజ్ ఆగి, పొద్దునకి పెరుగు ప్యాకెట్లు ఉబ్బిపోయి ఉంటాయి. తాత్కాలిక కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టమని కమిటీకి చెప్పండి, కావాలంటే ఆఫీసుకి తోడు వెళ్లండి. వైర్లు తెగినా, నిప్పురవ్వలు కనిపించినా 1912కి ఫోన్ చేయండి.

మైకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. పండగలప్పుడు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, కాబట్టి ఆ ఏటి ఉత్తర్వు ఏమిటో స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. వ్యాపార ప్రాంతంలో పగటి పరిమితి 65 డెసిబెల్స్. హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజే వాడొద్దని 2024 అక్టోబర్‌లో పోలీసు కమిషనర్ ఉత్తర్వు ఇచ్చారు. రాత్రి ఇబ్బందయితే 112కి ఫోన్ చేసి, టైము రాసిపెట్టుకోండి.

నిమజ్జనం రోజు సంగతి వేరు. బాలాపూర్ నుంచి చార్మినార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా హుస్సేన్ సాగర్ దాకా శోభాయాత్ర సాగే రోడ్ల మీద ట్రాఫిక్ మళ్లిస్తారు. ఆ రోజు దారి ఇప్పించమని ఏ కాగితమూ పెట్టొద్దు. ముందు రోజే పాలు, బ్రెడ్డు ఆర్డరు సగానికి తగ్గించుకోండి. మంచినీళ్ల బాటిళ్లు మాత్రం ఎక్కువే దింపించుకోండి.

మీ కాగితం మీద ఏం చేశారో ఎవరూ చెప్పకపోతే, పండగయ్యాక 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబునీ, ముద్ర వేసిన కాపీనీ ట్రేడ్ లైసెన్స్ ఫైల్లోనే పెట్టండి. మా గల్లీలో మండపం ఏటా అక్కడే పడుతుంది, మేం అదే కాగితం తేదీ మార్చి ఇస్తున్నాం.