ఎదురుచూపుల్లో గడువు మరిచిపోయాను

డల్లాస్‌లో ఉంటూ ఇండియా నుంచి పాపను దత్తత తీసుకోవడానికి పేరు నమోదు చేసుకున్నాం. దత్తతలు చూసే భారత ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో మా వరుస ఎంత కదిలిందో రోజుకు పదిసార్లు చూసేదాన్ని. ఆ ధ్యాసలో అసలు పని మరిచాను. విదేశీ బిడ్డను దత్తత తీసుకోవడానికి మేం అర్హులమని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే ఐ-800ఏ అనుమతి చెల్లేది 15 నెలలే. మాది ముగియడానికి ఐదు వారాలే ఉందని ఓ రాత్రి ఫైలు సర్దుతుంటే కనబడింది. టెన్షన్‌తో నిద్ర పడితే ఒట్టు!

పొడిగింపుకి సప్లిమెంట్ 3 ఫారం, దాంతోపాటు సోషల్ వర్కర్ మా ఇల్లూ పరిస్థితులూ చూసి రాసే హోమ్ స్టడీ నివేదికకు అప్‌డేట్ కావాలి. 90 రోజుల ముందు నుంచే పంపొచ్చట, నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను. బతిమాలితే సోషల్ వర్కర్ ఆ శనివారమే వచ్చింది. చిన్న మంచం, దాని మీద మడత విప్పని దుప్పటి మళ్లీ చూసి రాసుకుంది. గడువుకు ఆరు రోజుల ముందు ఫారం చేరింది.

ఇప్పుడు వంటింట్లో తెలుగు క్యాలెండర్ మీద, ఏకాదశుల పక్కనే, ప్రతి కాగితం గడువూ ఎర్ర ఇంకుతో రాశాను. మూడు నెలల ముందు ఓ గుర్తు, నెల ముందు ఇంకోటి. పోర్టల్ చూడటం ఆదివారాలే. "కబురేమైనా ఉందా అమ్మా?" అని అడిగే అత్తయ్యకూ ఆదివారమే చెబుతానన్నాను. ఆవిడ గురువారమే ఫోన్ చేసేస్తారు.