ఇంట్లో జనరేటర్ ఉందా, పొగ ఎటు పోతోందో కరెంటు ఎటు పోతోందో చూసుకున్నారా

కరెంటు పోగానే చీకట్లో తడుముకుంటూ వెళ్ళి తాడు లాగేసి, బర్రుమని మోత రాగానే హమ్మయ్య అనుకుని లోపలికొచ్చి ఫ్యాన్ కింద కూర్చోవడం, చాలా ఇళ్ళలో జనరేటర్ వాడకం అంటే ఇంతే, నేనూ మొదట్లో అంతే. మోతకి భయపడతాం, సైలెన్సర్ తగిలి కాలుతుందని భయపడతాం, కానీ ప్రాణం మీదకి తెచ్చేవి మాత్రం ముక్కుకి తెలియని పొగ, కంటికి కనపడని కరెంటు. ఈ రెండూ మన ఇంట్లోంచి ఎటు పోతున్నాయో తెలిసిందంటే మిగతాదంతా బండి మెయింటెనెన్స్ లాంటిదే.

ముందు పొగ. ఇంజన్ పెట్రోల్ దైనా డీజిల్ దైనా గ్యాస్ దైనా కార్బన్ మోనాక్సైడ్ వదుల్తుంది, దానికి రంగు లేదు వాసన లేదు, దగ్గు కూడా రాదు. మన రక్తంలో ఆక్సిజన్ని మోసే హిమోగ్లోబిన్ ఉంటుంది కదా, దానికి ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే గాల్లో కొంచెమే ఉన్నా గంటలతరబడి పీలిస్తే ఒంట్లో పేరుకుంటూ పోతుంది. పొగ వాసన రావట్లేదుగా అనే ధీమా అస్సలు పనికిరాదు.

పోర్టబుల్ సెట్ అయితే ఇంటికి కనీసం 6 మీటర్లు, అంటే 20 అడుగులు దూరంగా ఆరుబయట పెట్టాలి, సైలెన్సర్ మొహం ఇంటికి అవతలి వైపు తిప్పాలి, పక్కింటి కిటికీ వైపు కూడా కాదు. గ్యారేజీ, సెల్లార్, బాల్కనీ, మెట్ల కింద, వెంటిలేషన్ షాఫ్ట్ పక్కన, ఇవన్నీ వద్దు. షట్టర్ సగం ఎత్తాం కదా, తలుపు తీసే ఉంది కదా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాం కదా అంటారు, ఇవేవీ చాలవు.

నా సంగతే చెప్తా. ఒకసారి వాన మొదలైంది, సెట్ తడుస్తుందని వెనక వరండాలోకి లాక్కొచ్చి పెట్టా, మూడు పక్కలా గోడ ఉన్నా ఒక పక్క మొత్తం ఖాళీయే కదా గాలి ఆడుతుందిలే అనుకున్నా. గంటన్నర అయ్యేసరికి ఇంట్లో అందరికీ తలనొప్పి, ఉక్కకి అనుకున్నాం, ఆ తర్వాత మా వాడు కడుపులో తిప్పుతోంది నాన్నా అని బయటికి పరిగెత్తాడు, వాడి వెనకాల మేమూ గేటు దాకా వెళ్ళి కాసేపు నిలబడితే తల తేలికైంది, అప్పుడుగానీ బుర్ర వెలగలేదు. మర్నాడు చూస్తే బాత్రూం వెంటిలేటర్ గాజు రెక్కల అంచున సన్నగా నల్లటి మసి. తలుపులన్నీ వేసుకున్నాం కానీ ఆ వెంటిలేటర్ ఒకటుందని ఎవరికీ గుర్తే లేదు. అదృష్టం బాగుండి మెలకువగా ఉన్నాం, నిద్రలో ఉంటే ఆ తలనొప్పి కూడా తెలిసేది కాదు.

కాబట్టి జనరేటర్ నడుస్తుండగా తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, నీరసం, మాట తడబడటం, ఇవి అందరికీ ఒకేసారి మొదలైతే అది జ్వరం లేని ఫ్లూ లాగే అనిపిస్తుంది కానీ ఫ్లూ అనుకోకండి. ముందు అందర్నీ బయటికి లాగండి, ఫోన్లు ఆ తర్వాత. వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ పెట్టి 98 చూపిస్తోంది అంతా బానే ఉంది అనుకోకండి, ఆ మిషన్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ పట్టిన రక్తంగానే చూపిస్తుంది. హాస్పిటల్ కి వెళ్తే ఇంట్లో జనరేటర్ నడిచింది అని మొట్టమొదట చెప్పండి, ఎందుకంటే మామూలు గాలి పీలిస్తే ఒంట్లో ఉన్నది సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది, మాస్క్ తో నూరు శాతం ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పడకగది దగ్గర పెట్టుకోండి, ప్లగ్ లో పెట్టేదైతే కరెంటు పోయినప్పుడే అదీ పోతుంది కదా. ఈ అలారాలు గాల్లో 400 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 400 పాళ్ళు) ఉంటే 15 నిమిషాల లోపు అరుస్తాయి, 70 పీపీఎం దగ్గరైతే గంట నుంచి 4 గంటలు పట్టొచ్చు, కాబట్టి అలారం ఉంది కదా అని జనరేటర్ని దగ్గరికి జరపడం తప్పు. ఒక చోట పర్మినెంట్ గా బిగించిన స్టాండ్‌బై సెట్ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి, బిగించినప్పుడు అంతా లెక్క ప్రకారమే బిగిస్తారు, రెండేళ్ళ తర్వాత మనమే దాని పొగ వచ్చే వైపు కొత్త కిటికీ కొట్టిస్తాం.

ఇక కరెంటు. రెండు పక్కలా ప్లగ్ ఉన్న వైర్ తయారుచేసి ఒక కొస జనరేటర్ కి, ఇంకో కొస గోడ సాకెట్ కి గుచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మెయిన్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయారా, ఆ కరెంటు మన మీటర్ దాటి, వీధి వైర్ దాటి ట్రాన్స్‌ఫార్మర్ లోకి వెనక్కి పోతుంది, 11,000 వోల్టుల్ని 230 చేసే ట్రాన్స్‌ఫార్మరే అటునుంచి కరెంటు వస్తే 230ని మళ్ళీ 11,000 చేస్తుంది. లైన్ ఆఫ్ లో ఉంది అనుకుని ఎక్కడో స్తంభం ఎక్కిన లైన్‌మన్ చెయ్యి దాని మీదే పడుతుంది. దీన్నే బ్యాక్‌ఫీడ్ అంటారు. మెయిన్ నేనే ఆఫ్ చేస్తాలే, గుర్తుంటుంది అనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, చీకట్లో, కంగారులో, ఇంట్లో పిల్లలు అరుస్తుండగా గుర్తుండదు. పైగా ఆ వైర్ ఒక కొస ఊడొస్తే చేతిలో ఉన్న ప్లగ్ పిన్నుల్లో నేరుగా 230 ఉంటుంది. ఈలోపు అసలు కరెంటు వచ్చేస్తే రెండూ ఢీకొని జనరేటర్ కాలిపోవడమో మంట లేవడమో ఖాయం.

దీనికి మందు చేంజోవర్ స్విచ్. మా ఇంట్లో ఉన్నది పాతకాలం ఇనుప డబ్బా, హ్యాండిల్ కి మూడు పొజిషన్లు, పైన మెయిన్, మధ్యలో సున్నా, కింద జనరేటర్. పైనుంచి కిందకి లాగేటప్పుడు మధ్యలో టక్ మని ఒక ఆగుడు తగుల్తుంది చేతికి, అక్కడ రెండూ తెగిపోయినట్టు. రెండు పక్కలా ఒకేసారి కలపాలన్నా కలపలేం, మన మతిమరుపు మీద ఆధారపడని ఏర్పాటు అదొక్కటే. ఆటోమేటిక్ ప్యానెల్ ఉంటే ఇదే పని అదే చేసుకుంటుంది. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా మారాలా అన్నది ఎర్తింగ్ ఎలా చేశారు అనేదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి ఇది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని, యూట్యూబ్ చూసి మనం చేసేది కాదు.

చేంజోవర్ లేకపోతే ఇంటి వైరింగ్ జోలికే వెళ్ళకుండా ఫ్రిజ్, రెండు లైట్లు, ఫోన్ చార్జర్ ఎక్స్‌టెన్షన్ వైర్ తో నేరుగా జనరేటర్ సాకెట్ నుంచి నడుపుకోవచ్చు. వైర్ ఎర్త్ తో కలిపి మూడు కోర్లది, లోడ్ కి తగ్గ మందంది ఉండాలి. చుట్ట ఉన్న రీల్ అయితే మొత్తం విప్పేయండి, చుట్టలో ఉండగా లోడ్ వేస్తే లోపలి వేడి బయటికి పోలేక ఇన్సులేషన్ మెత్తబడిపోతుంది, చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి కరెంటు ఆపేసే స్విచ్) ఉంది కదా షాక్ కొట్టదు అనే నమ్మకం ఇంకోటి. జనరేటర్ మీద నడిచేటప్పుడు అది పడాలంటే జనరేటర్ న్యూట్రల్ ఎర్త్ కి కలిసి ఉండాలి, చిన్న సెట్లలో చాలావాటికి అలా ఉండదు. టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టక్కున పడిపోతుంది, ఆ బటన్ సర్క్యూట్ లోపలే ఉంటుంది కాబట్టి, దాన్ని చూసి మోసపోకండి, ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఈ ప్రశ్న కూడా అడగండి.

స్టార్ట్ చేసే వరస ఇది. ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి, సెట్ సమానంగా ఉన్న నేల మీద ఉండాలి లేకపోతే లెవెల్ తప్పు చూపిస్తుంది. లోడ్లన్నీ ఆఫ్. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనివ్వండి, మోత ఒకే తీరుగా నిలబడ్డాక చేంజోవర్ మార్చి ఒక్కొక్కటిగా వేసుకుంటూ రండి, పెద్దవి ముందు చిన్నవి తర్వాత. 3 కేవీఏ అంటే 3000 వాట్లు అనుకోకండి, పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 వేసుకుంటే 2400 వాట్లే. 1 హెచ్‌పీ మోటర్ నడిచేటప్పుడు వెయ్యి వాట్లు పైచిలుకు తీసుకుంటుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో కరెంటు 5 నుంచి 7 రెట్లు లాగుతుంది, అందుకే మోటర్ వెయ్యగానే లైట్లు కుంగి ఇంజన్ మూలుగుతుంది. ఆ మూలుగు రెండు సెకన్లకి మించి ఉంటే ఆఫ్ చెయ్యండి, మొండికేసి నడిపితే వోల్టేజీ పడిపోయి ఫ్రిజ్ కంప్రెసర్ కాలుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ చార్జింగ్ కూడా లోడే, లెక్కలో చాలామంది దాన్ని వదిలేస్తారు.

పెట్రోల్ పొయ్యడం గురించి గట్టిగా చెప్పాలి. నడుస్తుండగా పొయ్యకండి, ఆపిన వెంటనే కూడా పొయ్యకండి, కనీసం 15, 20 నిమిషాలు చల్లారనివ్వండి. పెట్రోల్ ఆవిరి సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువలో కూడా అంటుకునేంత లేస్తుంది, గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పాకుతుంది, పక్కనే సైలెన్సర్ ఎర్రగా కాగి ఉంటుంది. గరాటు పెట్టి పోసుకుని ట్యాంకులో పైన కాస్త ఖాళీ వదలండి. చీకట్లో ఫోన్ లైట్ నోట్లో పెట్టుకుని పొయ్యాల్సిన పరిస్థితి తెచ్చుకోకుండా వెలుతురుండగానే నింపేయండి. మిగిలిన డబ్బా ఇంట్లో కాకుండా బయట నీడలో.

వాన పడితే నాలుగు పక్కలా గాలి ఆడేలా పైన మాత్రం కప్పు ఉండాలి, గోనెలు, టార్పాలిన్ మీద కప్పి నడపకూడదు. తడి చేతులతో ప్లగ్ ముట్టుకోవద్దు.

నెలకోసారి 15, 20 నిమిషాలు లోడ్ వేసి నడపండి, ఊరికే ఖాళీగా తిప్పడం డీజిల్ సెట్ కి మంచిది కాదు, సగం కాలిన డీజిల్ సైలెన్సర్ లో జిడ్డుగా పేరుకుంటుంది. పెట్రోల్ నెలలకి నెలలు ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటర్ లో బంకలా తయారై సరిగ్గా అవసరమైన రోజున మొరాయిస్తుంది. సెల్ఫ్ స్టార్ట్ సెట్లకి ఎక్కువగా ఎగనామం పెట్టేది బ్యాటరీ. ఆటోమేటిక్ సెట్ మీద చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆఫ్ లో పెట్టి బ్యాటరీ నెగటివ్ వైర్ కూడా తీసెయ్యండి, కరెంటు పోయిందంటే మీ వేలు బెల్టులో ఉందా లేదా అని అది చూడదు.

కరెంటు వచ్చాక వెంటనే మార్చకండి, మళ్ళీ పోతుంటుంది, 5, 10 నిమిషాలు ఆగండి. తర్వాత లోడ్లు ఆఫ్ చేసి, హ్యాండిల్ ని సున్నా మీదుగా మెయిన్ కి ఎత్తి, ఇంజన్ని ఖాళీగా ఇంకో రెండు మూడు నిమిషాలు తిరగనిచ్చి ఆపి, ఫ్యూయల్ కాక్ మూసెయ్యండి. పూర్తిగా చల్లారాకే కవర్ కప్పాలి. ఎన్ని గంటలు నడిచిందో నేను చేంజోవర్ డబ్బా మూత మీద పెన్సిల్ తో రాసుకుంటా, కొత్త సెట్ కి మొదటి ఆయిల్ 20, 25 గంటలకే మార్చాలి, ఆ తర్వాత మాన్యువల్ లో ఉన్నట్టు.